పట్టాలు పడ్డాక వచ్చిన పట్టా

పోయిన అక్టోబర్ చివర్లో రెండు కుటుంబాలం కలిసి ఓక్లహోమా కొండల్లో ఆకుల రంగులు చూడ్డానికి వెళ్ళాం. డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి ఈ ట్రిప్ కొత్తేమీ కాదు. టెక్సస్‌లోనే ఉన్న ప్యారిస్ ఊరు దాటి, రాష్ట్ర సరిహద్దైన రెడ్ రివర్ దాటి, హ్యూగో, ఆంట్లర్స్, క్లేటన్ మీదుగా 271 రోడ్డు పట్టుకుని పోతే, ఫ్రిస్కోలో మా ఇంటి నుంచి మూడు గంటల పైచిలుకులో టాలిహీనా వస్తుంది. టాలిమెనా డ్రైవ్ అక్కడి నుంచే మొదలు. టాలిహీనా నుంచి ఆర్కన్సాలోని మెనా దాకా 54 మైళ్ళ కొండదారి అది. ఆ రెండు ఊళ్ళ పేర్లూ అతికించి దారికి పెట్టారు.

ఊళ్ళో ఆగింది కాఫీ కోసం, పిల్లల బాత్రూమ్ కోసం. అటూ ఇటుగా వెయ్యి మంది ఉండే ఊరు. కౌంటర్ దగ్గర అరవై దాటిన ఒకావిడ ఉంది. మా అమ్మాయికి కనబడిన ప్రతి పేరుకీ అర్థం అడగడం అలవాటు. టాలిహీనా అంటే ఏమిటని అడిగింది. ఆవిడ అప్పుడే కప్పులు కడిగి వచ్చినట్టుంది. తడి వేలితో గాజు కౌంటర్ మీద పక్కపక్కనే రెండు గీతలు గీసి, "తలి అంటే రాయి. ఇనుముకీ అదే మాట. హిన అంటే దారి" అంది. మా అమ్మాయి వంగి చూసేలోపు ఒక గీత సగం ఆరిపోయింది. ఆవిడ మళ్ళీ వేలు తడుపుకుని గీసింది.

ఆవిడ చెప్పింది చోక్టావ్ భాష, అమెరికా ఆదివాసీ జాతుల్లో ఒకటైన చోక్టావ్‌లది. అందులో రైలుదారి అంటే తలి హిన. ఊరి పేరే రైలుదారి. అవతలి కొసన ఉన్న మెనాకి రైల్వేలో డబ్బు పెట్టిన ఒక డచ్ కుటుంబంలోని ఇల్లాలి పేరు పెట్టారు. ఆ కాలంలో స్టేషన్ ఊళ్ళకి సాధారణంగా ఇలాంటి పేర్లే ఉండేవి: కంపెనీ అధికారిదో, ఆయన భార్యదో, కూతురిదో. ఇక్కడ మాత్రం పట్టాలు ఎవరి నేల మీద పడ్డాయో వాళ్ళు ఆ పట్టాలని ఏమని పిలిచారో, అదే మిగిలింది.

మళ్ళీ కారెక్కాక మా స్నేహితుడు అన్నాడు: "అంటే రైలు పుట్టించిన ఊరన్నమాట. అంతకుముందు ఇక్కడేముంటుందన్నా, అడవే కదా." నేనూ అవునన్నట్టు తలూపాను. సాయంత్రం గ్రూపులో ఫోటోలు పెడుతూ కింద అదే రాశాడు, "రైలు పుట్టించిన ఊరు" అని. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో మొదట నాకే తెలియలేదు. తర్వాత మూడు నాలుగు వారాలు రాత్రిళ్ళు ఇదే చదువుతూ కూర్చున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం గట్టిగానే చెప్పగలను. టాలిహీనాని రైలు పుట్టించలేదు. అలాంటి ఊళ్ళ పుట్టుకకి రైలొచ్చిన ఏడాదిని తేదీగా చెప్పుకోవడం వల్ల అసలు జరిగిన పని కనబడకుండా పోతోంది. ఆ పని నేల మీద హక్కుని మార్చడం.

అందరికీ కలిపి ఒకే పట్టా

మన భాషలో రైలు నడిచేది పట్టాల మీద. రైతు బీరువాలో దాచుకునేది పట్టా. వేర్వేరు మాటలే, కానీ ఈ ఊరి కథ చదువుతున్నంతసేపూ నాకు ఆ రెండూ ఒకదాని మీద ఒకటి వినిపిస్తూనే ఉన్నాయి. ఇక్కడ ఇనప పట్టాలు పడింది 1887లో. మరుసటేడు పోస్టాఫీసు వచ్చింది. కానీ ఇళ్ళ స్థలాలకి కాగితం ఇచ్చే చట్టం వచ్చింది 1898లో. ఆ కాగితాలు చేతికందడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. ఈ మధ్యకాలంలో ఆ ఊళ్ళో తెల్లవాడైనా, చోక్టావ్ అయినా, తన ఇంటి కింది జానెడు నేల తన ఒక్కడిదని చెప్పుకోవడానికి లేదు.

అలాగని అది పట్టా లేని నేల కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు, నేనూ పొరబడ్డాను. 1830 సెప్టెంబర్‌లో మిసిసిపీలో డాన్సింగ్ రాబిట్ క్రీక్ దగ్గర జరిగిన ఒప్పందంతో చోక్టావ్‌లు కోటి పది లక్షల ఎకరాల సొంతగడ్డ వదులుకున్నారు. 1831 నుంచి మూడు విడతలుగా పడమరకి నడిచారు. చలికి, కలరాకి దారిలోనే ఎంతోమంది పోయారు. బదులుగా ఇచ్చిన నేల జాతిగా ఉన్నంతకాలం, దాని మీద బతుకుతున్నంతకాలం వాళ్ళదేనని, దాన్ని ఎప్పటికీ ఏ రాష్ట్రంలోనూ కలపమని అదే ఒప్పందం చెప్పింది. 1842లో అధ్యక్షుడు జాన్ టైలర్ సంతకంతో ఆ నేలకి పట్టా కూడా ఇచ్చారు, జాతి మొత్తం పేరున.

అందరికీ కలిపి ఒకే పట్టా. దాని కింద బతుకు ఇలా ఉండేది. చోక్టావ్ పౌరుడెవరైనా ఖాళీగా ఉన్న చోటు చూసుకుని దున్నుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, కంచె వేసుకోవచ్చు. ఇల్లు అతనిది, కంచె అతనిది, నాటిన పళ్ళచెట్లు అతనివి. వాటిని అమ్ముకోవచ్చు. నేల మాత్రం అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు. బయటివాడు వచ్చి ఉండాలంటే పర్మిట్ రుసుము కట్టాలి. వాళ్ళకి రాతలో రాజ్యాంగం ఉంది, కౌన్సిల్ ఉంది, కోర్టులున్నాయి, బడులున్నాయి. టాలిహీనాకి నైరుతిగా కాస్త దూరంలో టుస్కహోమా దగ్గర 1884లో ఇటుకలతో కౌన్సిల్ భవనం కట్టుకున్నారు. అది ఈనాటికీ నిలబడి ఉంది. అంటే రైలు రావడానికి మూడేళ్ళ ముందే అదే లోయలో ఒక ప్రభుత్వం సొంత భవనంలో కూర్చుని చట్టాలు చేస్తోంది. "అడవే కదా" అన్న మాట నాకెందుకు గుచ్చుకుందో అది చదివాక అర్థమైంది.

రైలుకి కావలసింది దారి ఒక్కటేనా?

అమెరికా అంతర్యుద్ధంలో చోక్టావ్‌లు ఓడిపోయిన దక్షిణాది పక్షాన నిలబడ్డారు. యుద్ధం ముగిశాక 1866లో అమెరికా ప్రభుత్వం వాళ్ళ చేత కొత్త ఒప్పందం రాయించుకుంది. అందులో రైళ్ళకి దారి ఇవ్వాలన్న షరతు ఉంది. ఉత్తర దక్షిణాలుగా ఒకటి, తూర్పు పడమరలుగా ఒకటి. మొదటిది కేటీ అనే రైల్వే కంపెనీకి దక్కింది. 1872లో ఆ కంపెనీ చోక్టావ్ దేశాన్ని నిలువునా దాటి టెక్సస్ చేరింది.

ఇక్కడ నన్ను కూర్చోబెట్టిన వివరం ఒకటుంది. అదే 1866లో అమెరికన్ కాంగ్రెస్ ఈ రైల్వే కంపెనీలకి లైను పొడవునా భూములు కూడా ఇస్తానంది, కానీ ఒక షరతు మీద: ఆ నేల మీద ఇండియన్ల, అంటే ఆదివాసీ జాతుల, హక్కు రద్దయితేనే. అంటే ఆ ఉమ్మడి పట్టా ఎప్పుడు చినిగిపోతే అప్పుడు కంపెనీకి లాభం. తర్వాత ముప్పై ఏళ్ళు ఈ కంపెనీల మనుషులు వాషింగ్టన్‌లో కాంగ్రెస్ చుట్టూ ఎందుకు తిరిగారో తెలుసుకోవడానికి ఇంకేమీ చదవక్కర్లేదు. చివరికి ఆ భూములు వాళ్ళకి దక్కలేదన్నది వేరే సంగతి. దక్కకపోయినా, ఉమ్మడి పట్టా చిరగడానికి వాళ్ళు చెయ్యాల్సినంతా చేశారు.

టాలిహీనా మీదుగా పోయిన లైను కేటీది కాదు, ఫ్రిస్కో అనే ఇంకో కంపెనీది. ఆర్కన్సాలోని ఫోర్ట్ స్మిత్ నుంచి టెక్సస్‌లోని ప్యారిస్ దాకా. ఉత్తర దక్షిణ దారి అప్పటికే కేటీ వేసేసింది కాబట్టి ఇంకో దారికి చోక్టావ్‌లూ, వాళ్ళ పొరుగు జాతి చికసాలూ ఒప్పుకోవాలి. ఆ నేలలో రెండు జాతులకీ హక్కుంది మరి. చోక్టావ్ కౌన్సిల్ దీని మీద నిలువునా చీలిపోయింది. చికసాలు కుదరదన్నారు. అయినా 1882 ఆగస్టులో కాంగ్రెస్ చట్టం చేసి దారి ఇచ్చేసింది. ఎనిమిదేళ్ళ తర్వాత, ఇంకో కంపెనీ మీద చెరోకీలనే మరో ఆదివాసీ జాతి వేసిన కేసులో, మీ సమ్మతి లేకుండానే మీ నేలలోంచి రైలుకి దారి తీసుకునే అధికారం కాంగ్రెస్‌కి ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు వచ్చింది 1890లో. అప్పటికి టాలిహీనా మీదుగా రైళ్ళు తిరగడం మొదలై మూడేళ్ళయింది.

ఇంతా చేసి కంపెనీకి వచ్చింది లైను వేసుకోవడానికీ, స్టేషన్లకీ సరిపడా స్థలం. అది కూడా రైలు అవసరాలకే. ప్లాట్లు వేసి అమ్ముకోవడానికి కాదు. కాబట్టి పట్టాల పక్కన పుట్టుకొచ్చిన కొట్లూ, ఇళ్ళూ, గొడౌన్లూ చట్టం దృష్టిలో ఏ నేల మీదా లేవు. ఉన్నది కట్టడం, అంతే.

అదే కంపెనీ, రెండు ఊళ్ళు

ఈ తేడా నాకు మా ఊరి వల్లే బాగా అర్థమైంది. ఫ్రిస్కోలో ఉంటున్నవాళ్ళలో చాలామందికి ఊరి పేరు ఈ రైల్వే కంపెనీ నుంచే వచ్చిందని తెలియదు. సెయింట్ లూయిస్-శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేని అందరూ ముద్దుగా ఫ్రిస్కో అనేవాళ్ళు. టాలిహీనా మీదుగా పోయిన కంపెనీయే 1902లో మా ఊరి మీదుగానూ లైను వేసింది. ఆ ఫిబ్రవరిలోనే ఇక్కడ ప్లాట్లు వేలం వేశారు. జనం రైల్లో వచ్చి, పాట పాడి, కాగితం జేబులో పెట్టుకుని పోయారు. ఇవాళ మనం ఇళ్ళు కొంటున్న తీరు కూడా ఇంచుమించు అదే.

ఒకే కంపెనీ, ఒకే రకం ఇనుము. ఒక ఊళ్ళో లైను పడిన ఏడాదే ప్లాట్లు అమ్ముడుపోయాయి. ఇంకో ఊళ్ళో లైను పడి పదేళ్ళు దాటినా ఒక్క ప్లాటు అమ్మడానికి వీల్లేదు. తేడా రైలులో లేదు. టెక్సస్‌లో నేల పట్టాల పని రైలుకి అరవై ఏళ్ళ ముందే మొదలైపోయింది. 1841లో టెక్సస్ రిపబ్లిక్ ఈ ప్రాంతాన్ని పీటర్స్ కాలనీ పేరుతో గుత్తకిచ్చి, వలస వచ్చినవాళ్ళకి ఎకరాల లెక్కన పంచేసింది. 1859లో టెక్సస్‌లో మిగిలిన కాడో తదితర జాతుల్ని రెడ్ రివర్ అవతలికి పంపించేశారు. రైలొచ్చేసరికి అమ్మకానికి నేల సిద్ధంగా ఉంది. అందుకే 1902ని మా ఊరి పుట్టినరోజుగా చెప్పుకోవడం సులువు. ముందు జరిగిందంతా అప్పటికే సర్దేశారు.

టాలిహీనాలో అది సర్దని స్థితిలో కనబడుతుంది. నా వాదనకి ఆ ఊరు ఇంత విలువైనది అందుకే. రైలొచ్చినంత మాత్రాన మనం అనుకునే రకం ఊరు తయారవదని అది చూపిస్తుంది. రైలొచ్చాక పదేళ్ళ పైన అక్కడున్నది జనం, సరుకు, పొగ. ఊరిగా లెక్కలోకి రావడానికి ఇంకోటి కావాల్సి వచ్చింది.

మా తాత తెల్లకాగితం

ఈ "కట్టడం నాది, నేల నాది కాదు" అన్న స్థితి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. మా ఊరు మానుకోట వైపు. మా తాత రెండెకరాలు తెల్లకాగితం మీద కొన్నాడు. రిజిస్ట్రేషన్ లేదు. ఊరి పెద్దలు నలుగురి సంతకాలు, రెండు వేలిముద్రలు. మా వైపు సాదాబైనామా అంటారు. ఆ కాగితాన్ని అమ్మ ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పెళ్ళిచీర మడతలో దాస్తుంది. నాలుగు మడతలకీ నాలుగు చోట్ల చిరిగింది. మధ్యలో అమ్మినాయన పేరున్న చోట కన్నం పడింది.

ముప్పై ఏళ్ళు మా వాళ్ళు ఆ చేనులో మిర్చి వేశారు, పత్తి వేశారు, బావి తవ్వారు. ఆ చేను మాది కాదని ఊళ్ళో ఎవరూ అనలేదు. పాస్‌బుక్కు కోసం నాయన ఆఫీసుకి వెళ్తే మాత్రం అడిగిన ప్రశ్న ఒక్కటే: "నీ పేరెక్కడుంది?" మూడోసారి వెళ్ళొచ్చిన రోజు నాయన అన్నం తినలేదు. చేనుకి వెళ్ళి బావిగట్టు మీద కూర్చున్నాడు. పిలుచుకురమ్మని అమ్మ నన్ను పంపింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాయన ఏమీ మాట్లాడలేదు.

చోక్టావ్ దేశంలో పర్మిట్ మీద బతికిన పేద తెల్ల కౌలుదార్ల గురించి చదివినప్పుడు నాకు బావిగట్టు గుర్తొచ్చింది. వాళ్ళ పిల్లలకి చోక్టావ్ బడుల్లో చోటు లేదు. కట్టుకున్న ఇల్లు ఎప్పుడు వదలమంటే అప్పుడు వదలాలి. 1890 నాటికే అక్కడ తెల్లవాళ్ళు సంఖ్యలో చోక్టావ్‌లని మించిపోయారు, కానీ ఓటు లేదు, పట్టా లేదు. మాకూ హక్కు కావాలని వాళ్ళు వాషింగ్టన్‌కి అర్జీలు పెట్టుకున్నారు. నాయన పక్కన కూర్చున్న నేను వాళ్ళది తప్పని ఎలా అనగలను?

చాలా రోజులు ఇక్కడే ఆగిపోయాను. తర్వాత తేడా కనబడింది. మా తాతకి చేను అమ్మినాయన ఒప్పుకుని అమ్మాడు. ఊరు సాక్ష్యం. లోపం కాగితంలోనే ఉంది. అక్కడ నేల యజమాని అమ్మనే లేదు. అమ్మనని చట్టం రాసుకుని మరీ చెప్పాడు. కౌలుదారు కష్టం నిజం. ఆ కష్టాన్ని చూపించి వేరేవాళ్ళ పట్టా చింపడం మాత్రం న్యాయం కాదు.

ఇంకో వైపు నుంచి చూస్తే

నా వాదనకి అడ్డుపడే విషయాలు ఇంకా ఉన్నాయి. దాచడం ఇష్టం లేదు.

మొదటిది, చోక్టావ్‌లు అందరూ రైలుని వద్దనలేదు. కౌన్సిల్ చీలిపోయిందంటేనే కావాలన్నవాళ్ళూ ఉన్నారని. స్లీపర్లకి కలప అమ్మి, బొగ్గుకి రాయల్టీ తీసుకుని బాగుపడినవాళ్ళున్నారు. ఆ రాయల్టీతో బడులు నడిచాయి. కేటీ లైను మీది మెకాలిస్టర్ ఊరి కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. జె.జె. మెకాలిస్టర్ అనే తెల్ల వ్యాపారి చికసా స్త్రీని పెళ్ళాడి పౌరసత్వం సంపాదించాడు. గని కనిపెట్టిన పౌరుడికే దాన్ని తవ్వే హక్కుందన్న చోక్టావ్ నియమాన్నే పట్టుకుని బొగ్గు గనుల యజమాని అయ్యాడు. బొగ్గు కంపెనీకి ఇచ్చినందుకు అప్పటి చీఫ్ కోల్‌మన్ కోల్ అతనికి మరణశిక్ష వేశాడని, అతను తప్పించుకున్నాడని చెబుతారు. అతనే తర్వాత ఓక్లహోమా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరయ్యాడు. లోపలివాళ్ళెవరు, బయటివాళ్ళెవరు అన్న గీత మనం అనుకున్నంత స్పష్టంగా లేదు.

రెండోది ఇంకా బాధపెట్టేది. మిసిసిపీ నుంచి నడిచొచ్చిన చోక్టావ్‌లలో డబ్బున్నవాళ్ళు తమతో నల్లజాతి బానిసల్ని తెచ్చుకున్నారు. యుద్ధం తర్వాత విడుదలైన ఆ మనుషుల్ని పౌరులుగా ఒప్పుకోవడానికి చోక్టావ్ ప్రభుత్వానికి 1885 దాకా పట్టింది. నేల పంచేటప్పుడు చోక్టావ్‌కి సగటు నాణ్యత లెక్కన 320 ఎకరాలు, ఫ్రీడ్‌మన్‌కి, అంటే బానిసత్వం నుంచి విడుదలైనవాడికి, 40. ఉమ్మడి పట్టా అని నేను ఇంత గౌరవంగా చెబుతున్నదానిలో అందరూ లేరు. అసలు ఆ నేల కూడా 1818లో క్వాపాలనే ఇంకో ఆదివాసీ జాతి వదులుకున్నాకే చోక్టావ్‌లకి ఇవ్వగలిగారు.

ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక నా మాట పల్చబడుతుందేమో అనుకున్నాను. పల్చబడలేదు. ఎందుకంటే ఇవన్నీ ఎవరు ఏ హక్కుతో ఏ నేల మీద ఉన్నారన్న ప్రశ్న అడిగితేనే బయటికొస్తాయి. "రైలొచ్చింది, ఊరు పుట్టింది" అంటే ఫ్రీడ్‌మన్ లేడు, కౌలుదారు లేడు, క్వాపాలు లేరు. చోక్టావ్‌లలో చీలికా లేదు. ఒక ఇంజన్, ఒక స్టేషన్ మాత్రమే ఉంటాయి.

చీఫ్ సంతకం

ఉమ్మడి పట్టా చిరిగిన తీరు ఇది. 1893లో ఉమ్మడి నేలని మనిషికింతని పంచే పని మీద కాంగ్రెస్ వేసిన డాస్ కమిషన్ వచ్చింది. 1897 ఏప్రిల్‌లో దానితో అటోకా ఒప్పందం. 1898 జూన్‌లో పంపకాన్ని ఖాయం చేసిన కర్టిస్ చట్టం. ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా పంపకం తప్పదని తెలిశాక ఒప్పందం మీద చేతులు కలిపారు. దీన్ని సమ్మతి అనడానికి నాకు నోరు రాదు. టాలిహీనా లాంటి ఊళ్ళలో సర్వేయర్లు దిగి వీధులు గీశారు, స్థలాలకి నంబర్లు వేశారు, వెల కట్టారు. అప్పటికే ఇల్లో కొట్టో కట్టుకున్నవాళ్ళకి ఆ వెలలో తగ్గింపు ఇచ్చి ముందు వాళ్ళకే అమ్మారు. వచ్చిన డబ్బు జాతి ఖాతాకి.

ఆ కాలపు స్థలం పట్టా ఒకదాని ప్రతి చూశాను. అచ్చు వేసిన ఫారం. ఊరి పేరు, బ్లాకు నంబరు, లాటు నంబరు చేత్తో నింపారు. అమెరికా అధికారి సంతకం ఉంటుందనుకుని కిందికి చూశాను. ఉన్నవి రెండు సంతకాలు: చోక్టావ్ దేశపు ప్రిన్సిపల్ చీఫ్‌ది, చికసా దేశపు గవర్నర్‌ది. అమ్మేది ఆ రెండు జాతులు కాబట్టి సంతకం పెట్టాల్సింది వాళ్ళే. తమ దేశాన్ని ముక్కలు చేస్తున్న కాగితాల మీద, ముక్కకో సంతకం చొప్పున, వాళ్ళ చేతే పెట్టించారు. ఒక సంతకంలో సిరా మొదట చిక్కగా ఉండి పేరు చివరికొచ్చేసరికి పలచబడింది. అలాంటివి ఇంకెన్ని దొంతరగా పక్కనున్నాయో అనిపించింది నాకు. ఊరు పుట్టిన క్షణం చూపించమంటే నేను చూపించేది ఆ కాగితాన్నే.

ఇష్టం లేనివాళ్ళు ఉన్నారు. జేకబ్ జాక్సన్ అనే చోక్టావ్ నాయకుడు 1906లో సెనేట్ కమిటీ ముందుకొచ్చి, మా వాటా అమ్ముకోనివ్వండి, మేం మెక్సికోకో ఇంకెక్కడికో వెళ్ళిపోతామని అడిగాడు. డెబ్భై ఐదేళ్ళ కిందట నడిచొచ్చిన జాతి, మళ్ళీ నడవడానికి సిద్ధపడింది. వెళ్ళనివ్వలేదు. మరుసటేడు నవంబర్ 16న ఓక్లహోమా రాష్ట్రమైంది. ఏ రాష్ట్రంలోనూ కలపమని మాటిచ్చిన నేల అందులో ఉంది. ఓక్లహోమా అన్న పేరు కూడా చోక్టావ్ మాటే. 1866 చర్చల్లో చోక్టావ్ నాయకుడు ఆలెన్ రైట్ సూచించాడు: ఓక్ల అంటే జనం, హుమ్మ అంటే ఎరుపు.

కథ అక్కడితో అయిపోయి ఉంటే నేనింత రాసేవాణ్ణి కాదేమో. 2020లో సుప్రీంకోర్టు మెక్‌గర్ట్ కేసులో మస్కోగీ అనే ఇంకో ఆదివాసీ జాతి రిజర్వేషన్, అంటే ఆ జాతికి కేటాయించిన నేల, ఎప్పుడూ రద్దు కాలేదంది. 2021 ఏప్రిల్‌లో ఓక్లహోమా క్రిమినల్ అప్పీళ్ళ కోర్టు అదే సూత్రం చోక్టావ్ దేశానికీ వర్తిస్తుందని చెప్పింది. వ్యక్తులకి ఇచ్చిన పట్టాలు వేరు, దేశపు సరిహద్దు వేరు అన్నది దీని సారం. ముక్కలు అమ్ముడుపోయాయి, గీత చెరగలేదు. టాలిహీనా ఈరోజు కూడా చోక్టావ్ రిజర్వేషన్ లోపలి ఊరే. ఊళ్ళో పెద్ద ఆస్పత్రి చోక్టావ్ నేషన్‌ది. మేం ఆగిన చోట పార్కింగ్‌లో సగం కార్లకి చోక్టావ్ నేషన్ నంబర్ ప్లేట్లున్నాయి. వెళ్ళిన రోజు అవి చూశాను, పట్టించుకోలేదు.

ఫ్రిస్కో రైల్వే అన్న పేరు 1980లో బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసిపోయింది. కంపెనీ లేదు. తలి హిన అన్న మాట మాత్రం నిలిచింది.

పోయిన ఆదివారం మా స్నేహితుడికి ఇదంతా ఫోన్లో చెప్పాను. గంట పైనే మాట్లాడుకున్నాం. "అయితే ఫోటో కింద ఏం రాయమంటావన్నా?" అన్నాడు. రెండు ఏళ్ళూ రాయమన్నాను: 1887, 1898. మార్చాడు. పది నిమిషాలకి మళ్ళీ ఫోన్ చేశాడు. తను పోయినేడు మా వీధి చివర ఇల్లు కొన్నాడు. అప్పటి టైటిల్ కాగితాల కట్ట ముందేసుకుని కూర్చున్నాడట. ఎవరి నుంచి ఎవరికి అమ్ముడైందో ఒక్కో పేరూ చదువుతూ వెనక్కి వెళ్తున్నాడు. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి, పెన్ను తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టాను.